చెల్లించుటకు చెల్లింపు

(శ్రీకాకుళమునందలి యొక పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



పఠనమందిరమునకు మాటాడుమని పిలిచినపుడు సాహిత్యమునుగూర్చియో, దేశచరిత్రమునుగూర్చియో మాటాడుట మర్యాద. మేమీ సాయంకాలము పది రూపాయలనుగూర్చి మాటాడదలచితిమి. ఆ పది రూపాయలును మావి కావు. ఒక ముసలమ్మవి.

కొన్ని నెలల క్రిందట నరసన్నపేటకును టెక్కలికిని నడుమనున్న యొక గ్రామమునకు పనిమీద పోయియుంటిమి. అచ్చట రావిచెట్టు ప్రక్కనున్న కొట్టులో మినీబ్యాంకు పెట్టిరి. చిన్న యంత్రముపై వేలిముద్ర వేసిన ఖాతాలోని సొమ్ము చేతికి వచ్చును. మేము కూర్చుండియుండగా ఒక ముసలమ్మ తన ఉపాధిపని కూలి వేయి రూపాయలు తీసికొనుటకు వచ్చినది. వేలిముద్ర రెండుమారులు పడలేదు. కొంగున వ్రేలు తుడిచికొని మూడవమారు పెట్టగా పడినది. కొట్టువాడు తొమ్మిదివందల తొంబది రూపాయలు లెక్కించి యిచ్చెను. ఆమె నోట్లు తిరిగి లెక్కించుకొని, “నా డబ్బులు నాకిచ్చినందుకు నీకు పదేటి బాబూ?” అని యడిగినది. “అందరికీ అంతే మామ్మా” అని యతడు బదులు చెప్పెను. ఆమె మావంక చూచినది. చొక్కా జేబులో కలమున్నది గనుక ధర్మమేదో వీరికి తెలియునని తలచెను కాబోలు. మాకు బదులు తోచలేదు.

ఇంటికి వచ్చి విచారించితిమి. అట్టి కొట్లవారికి ప్రతి చెల్లింపునకును బ్యాంకులే కమీషను నిచ్చుచున్నవి. ఖాతాదారునివద్ద వేరుగా పుచ్చుకొనుటకు వారి కధికారము లేదు. కాని ఆ కొట్టువానిని నిందించుట మా యుద్దేశము కాదు. పెద్దసంస్థలు పెద్దయెత్తున చేయుచున్న పనినే అతడు చిన్నయెత్తున చేయుచున్నాడు. వారు దానికి పేరు పెట్టుదురు, ఇతనికి పేరు పెట్టుట చేతకాలేదు, అంతియే భేదము.

ఆ పేర్లు మీరెరుగుదురు. సౌకర్య రుసుము, ప్లాట్‌ఫారం ఫీజు, ఇంటర్నెట్ నిర్వహణ ఫీజు, ప్రాసెసింగ్ ఛార్జి. వీని యన్నిటి తత్త్వమొక్కటే. మనము బాకీ పడిన సొమ్ము మనము కట్టుచున్నాము. కట్టినందుకు వేరొక సొమ్ము కట్టవలసివచ్చుచున్నది. సరకునకు ధర యున్నది, సేవకు కూలి యున్నది. ఇది ధరయు కాదు, కూలియు కాదు.

రైలు టిక్కెట్టునే చూడుడు. శ్రీకాకుళం రోడ్డు స్టేషనునుండి, అనగా ఆమదాలవలసనుండి, పలాసనుండి, విజయనగరమునుండి హైదరాబాదునకును చెన్నపట్టణమునకును పనికై పోవు మన జిల్లాలవారికి రైలు విలాసవస్తువు కాదు. అది వారి కూటికి దారి. టిక్కెట్టును స్టేషనులో కొన్నచో ఈ రుసుము లేదు. ఐఆర్‌సీటీసీ ద్వారా ఫోనులో కొన్నచో కలదు. 2019 సెప్టెంబరు 1 నుండి అమలులోనికి వచ్చిన లెక్క యిది: స్లీపరు టిక్కెట్టునకు యూపీఐద్వారా చెల్లించిన 10 రూపాయలు, కార్డుద్వారా నైన 15, ఏసీ టిక్కెట్టునకు 20, 30. వీనిపై నూటికి 18 చొప్పున జీయస్టీ. రుసుముపై పన్ను! టిక్కెట్టు వెయిటింగులో నుండిపోయి రైలెక్కలేకపోయినను ఈ రుసుము తిరిగిరాదు. ప్రయాణము లేదు, సీటు లేదు, సౌకర్యముమాత్రము జరిగిపోయినదట.

దీని చరిత్ర కొంచెము వినదగినది. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దైనపుడు ప్రజలను నగదునుండి తప్పించి ఫోనులవైపు త్రిప్పుటకై ప్రభుత్వమే ఈ రుసుమును మాన్పించెను. అంతకుముందది స్లీపరునకు 20, ఏసీకి 40 రూపాయలు. మూడేండ్లకు సమీపముగా జనము రుసుము లేక టిక్కెట్లు కొనిరి, ఫోనున కొనుట కలవాటుపడిరి. అలవాటైన పిదప 2019 సెప్టెంబరులో రుసుము తిరిగివచ్చెను. మరుమాసమున, అనగా అక్టోబరులో, ఆ సంస్థ వాటాలు బజారున అమ్మకమునకు వచ్చెను. ఈ రెండింటి సాన్నిధ్యమును మీరే తూచుకొనుడు. 2021 అక్టోబరు చివర రైల్వేశాఖ ఈ రుసుములో సగము తనకీయవలెనని వ్రాయగా వాటాల ధర ఒక్కపూటలో కూలినది, మరునాడే శాఖ తన మాటను వెనుకకు తీసికొన్నది. ఖర్చు పూడ్చుకొనుటకై వసూలు చేయు సొమ్ములో పాలడిగినచో వాటాలవాండ్లంత భయపడుదురా? అది ఖర్చు కాదు, ఆదాయమని ఆనాటి బజారే చెప్పినది.

మన ప్రాంతపు వృద్ధులకు ఇది క్రొత్త సంగతి కాదు. విజయనగరము, బొబ్బిలి, పర్లాకిమిడి, మందస సంస్థానముల రైతులు శిస్తు కట్టుటతో విడుదల పొందలేదు. శిస్తుమీద మామూలు, మామూలుమీద నజరానా, గుమాస్తాకు వ్రాతకూలి, కొలగానికి కొలతకూలి. శిస్తు పుచ్చుకొనుటకే శిస్తు! ఒక పేరును తప్పుపట్టిన వేరొక పేరు మొలచుచుండెను. 1908 నాటి మదరాసు ఎస్టేట్ల భూమి చట్టము చేసిన మంచి పనులలో నొకటి ఈ పేర్ల మాయను గుర్తించుట: న్యాయమైన శిస్తునకు పైగా, ఏ పేరుతోనైనను, రైతువద్ద భూస్వామి యేమియు అడుగరాదని అది శాసించెను. చట్టము కాగితముమీదనే యుండి వసూళ్లు కళ్లములలో సాగుచుండెను గనుకనే 1937–38లో రైతులు మన ఇచ్ఛాపురమునుండి మదరాసువరకు కాలినడకన పోవలసివచ్చెను, 1948లో జమీందారీల రద్దుచట్టము రావలసివచ్చెను. జమీందారునకును నేటి కంపెనీకిని పోలిక కుదురదని మీలో కొందరనవచ్చును. కుదురదు, నిజమే. జమీందారు గుమాస్తాను మన కన్నులతో చూడగలిగెడివారము.

ఇక నేటి చట్టమేమనుచున్నదో చూతము. యూపీఐద్వారాను రూపే డెబిట్ కార్డుద్వారాను చేయు చెల్లింపులపై బ్యాంకుగాని, వ్యవస్థ నడుపువారుగాని చెల్లించువానివద్దను పుచ్చుకొనువానివద్దను ఏ రుసుమును వేయరాదని 2019లో చేసిన సవరణ. 2020 జనవరి 1 నుండి అమలు. కొన్ని బ్యాంకులు నెలకిన్ని చెల్లింపులు దాటినచో రుసుమనుట మొదలుపెట్టగా, 2020 ఆగస్టు 30న ఆదాయపుపన్నుల కేంద్రమండలి వారిని మందలించి, తీసికొన్నది తిరిగి యీయుడని ఆజ్ఞాపించెను. డెబిట్ కార్డు ఖర్చును దుకాణదారులు కొనువారిపై త్రోయకుండ చూడవలెనని రిజర్వుబ్యాంకు 2017 డిసెంబరులోనే బ్యాంకులకు చెప్పియుండెను. చట్టము చక్కనిదే. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడన్నట్లు, నడుమ నిలిచిన దుకాణములు వేరొక దారి కనిపెట్టినవి. “చెల్లింపునకు మేమేమియు తీసికొనము, మా వేదిక నుపయోగించినందుకు మాత్రము” అని యనుచున్నవి. ఫోన్‌పే 2021 అక్టోబరులో ఏబది రూపాయలు దాటిన ఫోను రీఛార్జులపై రూపాయి, రెండు రూపాయలు వేయ నారంభించెను. గూగుల్‌పే 2023 చివర మూడు రూపాయలవరకు వేసెను. 2025 ఫిబ్రవరిలో, కార్డులద్వారా కరెంటు, గ్యాసు బిల్లులు కట్టువారివద్ద నూటికి అర్ధరూపాయి మొదలు రూపాయివరకు వసూలును, దానిపై జీయస్టీయు వచ్చినవి.

రెండు మూడు రూపాయలకు సభ పెట్టవలెనా యని యడుగవచ్చును. లెక్క వేయుడు. మనకేడాదికి పండ్రెండు నెలలు. ఇరువదియెనిమిది దినముల రీఛార్జు పుణ్యమాయని ఫోను కంపెనీలకు పదుమూడు. మారునకు మూడు రూపాయల చొప్పున ఫోనుకు ముప్పదితొమ్మిది. ఇంటికి మూడు ఫోనులైన నూటపదునేడు. ఈ నూటపదునేడు రూపాయలకు ఇంటిలోనికి వచ్చిన వస్తువేదియు లేదు. ఇట్లే రైలు, ఇట్లే పరీక్షఫీజు, ఇట్లే ముసలమ్మ పది. ఒక్కొక్కటి తగవు పెట్టుకొనుటకు చాలనంత చిన్నది. ఆ చిన్నతనమే దానికి కవచము. రెండు రూపాయలకై వినియోగదారుల న్యాయస్థానమునకు ఎవడు పోవును?

ఇచ్చట న్యాయముగా రెండవ పక్షమును చెప్పవలెను. ఫోనులో కట్టుట సౌకర్యము కాదని మేమనజాలము. పదేండ్ల క్రిందట కరెంటుబిల్లు కట్టుటకు పల్లెనుండి పట్టణమునకు ఆటోకిరాయి, కౌంటరువద్ద వరుస, “చిల్లర లేదు, ప్రక్కకు నిలువు” మనుట, సగముదినము కూలి నష్టము. రెండు రూపాయలతో ఇది తప్పినచో కష్టజీవికది లాభమే. మరియు తీగలు, యంత్రములు, మోసములు పట్టువారు, వీరెవరును గాలి భోంచేయరు. యూపీఐని రుసుము లేక నడిపించుటకు కేంద్రప్రభుత్వము బ్యాంకులకు ప్రోత్సాహక మిచ్చుచు వచ్చినది. 2023–24కు అది 3,631 కోట్లు, 2024–25కు సుమారు 1,500 కోట్ల పథకము. అనగా మనము ఉచితమనుకొన్నదానికి మన పన్నులనుండియే ఖర్చగుచున్నది. ఆ ప్రోత్సాహకము తగ్గిన కొలది దుకాణములు మన జేబువైపు చూచుట సహజము. దీనిని దాచి మేము మాటాడము.

మా తాతలకాలమున రంగూనునుండియు, తరువాత ఖరగ్‌పూరునుండియు మన పల్లెలకు మనియార్డరులు వచ్చెడివి. దానికిని రుసుముండెను. ఇటీవలి దశాబ్దములలో నూటికి ఐదు రూపాయలు, చిన్నదేమియు కాదు. దానినెవరును దోపిడి యనలేదు. ఏల? రేటు పోస్టాఫీసు గోడమీద వ్రాసియుండెను, కట్టినందుకు రశీదుండెను, పోస్టుమాను ఎండలో నడిచివచ్చి గుమ్మములో నిలిచి ముసలితల్లి చేతిలో నోట్లు పెట్టి, అవసరమైన కొడుకు వ్రాసిన రెండు మాటలును చదివి వినిపించెడివాడు. పని కనబడెను, కూలి యిచ్చిరి. కాని అది మన సొమ్ము మనవారికి పంపుట. కంపెనీకి మనమీయవలసిన బాకీ కంపెనీ పుచ్చుకొనుట వేరు సంగతి. బాకీదారుడే అప్పులవాని గుమ్మమునకు పోవలెననునది పాతమర్యాద, పోయెదము. గుమ్మమువరకు పోవు ఖర్చు మనది. గుమ్మములో పుచ్చుకొను ఖర్చు వానిది. కిరాణాకొట్టు శెట్టిగారు బాకీ తీర్చవచ్చినవానివద్ద గల్లాపెట్టె తెరచినందుకు అణా అడిగినచో ఊరేమనును?

అసలు చిక్కు రుసుము మొత్తములో లేదు. రెండవ గుమ్మము మూతపడుటలో నున్నది. సౌకర్యమను మాటకు రెండు దారులున్నపుడే యర్థము. కాలినడక దారి యుండగా బండియెక్కిన కిరాయి న్యాయము. కాలిదారికి ముండ్లకంప కొట్టి బండి నెక్కించి సౌకర్యమనుట న్యాయము కాదు. 2024 జూలై మాసారంభమున ఏమైనదో జ్ఞప్తికి తెచ్చుకొనుడు. రిజర్వుబ్యాంకు నియమములనుబట్టి మన రాష్ట్రపు విద్యుత్ పంపిణీసంస్థల బిల్లులను ఫోన్‌పే, గూగుల్‌పేలద్వారా కట్టుట నిలిచిపోయెను. సంస్థలు భారత్ బిల్ పేమెంట్ వ్యవస్థలో చేరిన పిదప దారి తిరిగి తెరచుకొనెను. ఆ నడుమ దినములలో జనమునకు కౌంటరు మరల గుర్తుకు వచ్చెను. గడువుతేది ఎవరికిని ఆగదు గదా! ఫోనుదారి యొక్కటే మిగిలినచో, ఆ దారియజమాని తలుపు వేసినను, సుంకము పెంచినను, మనము నిలుచుటకు చోటుండదని అప్పుడు తెలిసినది.

ఫోనే లేనివారి మాట యేమి? సీతంపేట, గుమ్మలక్ష్మీపురము కొండలలో సిగ్నలుకై చెట్టుక్రిందనుండి గట్టుమీదికి ఎక్కువారున్నారు. అక్షరము రానివారు ప్రక్కింటి కుర్రవానిచేత కట్టించి ఐదో పదో చేతిలో పెట్టుచున్నారు. చదువుకొన్నవాడు రెండు రూపాయలు కట్టుచోట చదువులేనివాడు పది కట్టుచున్నాడు. జమాబందీ నాడును ఇంతే. కాగితము చదువలేనివాని శిస్తే ఎక్కువగా ఉండెడిది.

ఇచ్చట మీలో పెక్కుమందికి తెలియని యొక నియమమును చెప్పవలసియున్నది. 2020 డిసెంబరు 31న కేంద్రము విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమములను ప్రకటించెను. బిల్లును ఆన్‌లైనులోగాని నేరుగాగాని కట్టుటకు వినియోగదారున కవకాశ ముండవలెనని వాని సారాంశము. కాని వేయి రూపాయలు దాటిన బిల్లును, లేక నియంత్రణమండలి నిర్ణయించిన మొత్తము దాటినదానిని, ఆన్‌లైనులోనే కట్టవలెనని కూడ అందులో నున్నది. అంతటితో ఆగలేదు. అట్లు కట్టినవారికి తగిన ప్రోత్సాహకమో తగ్గింపో మండలి నిర్ణయించి యీయవలెనని కూడ వ్రాసిరి. విన్నారా? తీగద్వారా కట్టువాడు కంపెనీకి గుమాస్తాజీతము, కాగితము, నగదు మోయు ఖర్చు తప్పించుచున్నాడు గనుక వానికి కొంత తగ్గింపవలెనని శాసనకర్తలే యొప్పుకొనిరి. రుసుము దిక్కు తలక్రిందైనది. మనము కట్టవలసినది కాదు, మనకు రావలసినది.

ఇంగ్లండును చూడుడు. మనకు ఉప్పుపన్ను నేర్పిన ఆ దేశము, సామాన్యులు కార్డుతో చెల్లించినందుకు వ్యాపారులు అదనపు రుసుము పుచ్చుకొనుటను 2018 జనవరి 13 నుండి నిషేధించెను. దుకాణములు మూతపడలేదు. వ్యాపారి తన ఖర్చును తన ధరలో చేర్చుకొనవలసివచ్చెను. అప్పుడు కొనువాడు ధరతో ధరను పోల్చగలడు. చివరిమెట్టున తగిలించు రుసుమును దేనితోను పోల్చలేడు. అప్పటికే వాని పేరు, సీటు, తేది అన్నియు వ్రాసియుండును, రైలు నిండుచుండును, వ్రేలు బొత్తాముమీద నుండును. మనదేశమునను ఈ మాయ గుర్తింపబడకపోలేదు. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణసంస్థ ప్రకటించిన పదుమూడు కపటరీతులలో, ధరను మొదట చెప్పక బొట్టుబొట్టుగా చివరివరకు పెంచుకొనిపోవుట యొకటి. కాని ముందే చెప్పి వేసిన రుసుము ఆ నియమమునకు చిక్కదు. దొంగచాటు తప్పు, దొరచాటు ఒప్పు.

అడిగిన తగ్గవా? తగ్గును. ఖాతాలో కనీసనిలువ లేదని పేదవానివద్దనే జరిమానా పుచ్చుకొను పద్ధతిని భారతీయ స్టేట్‌బ్యాంకు 2020లో విడిచిపెట్టినది. 2025 నడుమ మరికొన్ని ప్రభుత్వబ్యాంకులును విడిచినవి. బ్యాంకులు మునిగిపోలేదు.

కావున మేము సిద్ధపరచిన అర్జీలను వినిపించి ముగించెదము. మొదటిది విద్యుత్ నియంత్రణమండలికి. ఏటేట ధరలు నిర్ణయించుటకు ముందు మండలి జనుల యభ్యంతరములను వ్రాతమూలమున పుచ్చుకొని బహిరంగముగా విచారించును; తెలుగులో వ్రాయవచ్చును, ప్లీడరు అక్కరలేదు. విశాఖపట్నము కేంద్రముగా మన జిల్లాలకు కరెంటిచ్చు తూర్పుప్రాంత పంపిణీసంస్థ పరిధిలో నగదు పుచ్చుకొను కౌంటరు లేని మండలముండరాదనియు, ఆన్‌లైనులో కట్టువారికి 2020 నియమములు చెప్పిన తగ్గింపు ఎంతయో నిర్ణయించి బిల్లుమీదనే ముద్రింపవలెననియు అందులో కోరితిమి. రెండవది రైల్వేకు: వెయిటింగులో నుండిపోయి దానంతట రద్దైన టిక్కెట్టుమీది సౌకర్య రుసుమును తిరిగి యీయవలెనని. రుసుమునే తీసివేయుడని వ్రాయుదమని మాలో కొందరనిరి. సాధ్యమైనది ముందు అడుగుదమని నిశ్చయించితిమి. దీనిపై మీకు భిన్నాభిప్రాయమున్న ఇప్పుడే చెప్పవచ్చును.

మినీబ్యాంకుల సంగతికి అర్జీతో పనిలేదు. చట్టవిరుద్ధముగా పది పుచ్చుకొన్నచో ముందు ఆ బ్యాంకుశాఖకు వ్రాతమూలముగా ఫిర్యాదు చేసి, ముప్పది దినములలో బదులు రానిచో రిజర్వుబ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పోవచ్చును. వివరములకు ఫోను 14448, రుసుము లేదు. ఇతర కంపెనీలపై వినియోగదారుల సహాయకేంద్రము 1915. ఈ రెండు సంఖ్యలను పఠనమందిరపు నల్లబల్లమీద వ్రాయించితిమి. దయచేసి ఒక నెలవరకు చెరుపవలదు.

అర్జీప్రతులు ఈ బల్లమీద నున్నవి. మీవద్ద రశీదులున్నచో నకళ్లు జతపరుపుడు. లేనివారు తేదియు, కట్టిన మొత్తమును, పైన తీసికొన్న రుసుమును ఒక చీటిమీద వ్రాసి యిచ్చినను చాలును. సంతకము రానివారి వేలిముద్రలకు సిరాపెట్టె గుమాస్తాగారివద్ద నున్నది. అది ఆదివారము సాయంకాలమువరకు ఇచ్చటనే యుండును.